మావాళ్లు లేని చోటు

మా అడవిలో మేము లేమన్న సంగతి నాకు ఆ వేసవిలోనే తెలిసింది.

గ్రంథాలయానికి రోజూ వచ్చే పత్రికలతోపాటు ఒక ఉదయం లావుపాటి నివేదిక వచ్చింది. కొండమీద గని తవ్వుకోవడానికి అనుమతి అడుగుతున్న కంపెనీ తయారు చేయించినది. దాన్ని జనం చదువుకునేందుకు వీలుగా ఉంచాలని, అభ్యంతరాలున్నవాళ్లు విచారణ రోజున వచ్చి చెప్పుకోవచ్చని అట్టమీద ఒక చీటీ అంటించారు. గ్రంథపాలకుణ్ణి కాబట్టి కిటికీ పక్కన వెలుతురు బాగా పడే బల్ల దానికి కేటాయించాను. అట్ట నలగకుండా కింద మెత్తటి గుడ్డ కూడా పరిచాను. అంత మర్యాద చేశాక తెరిచి చదివాను.

కొండ పైవాలు గురించిన అధ్యాయంలో ఇలా ఉంది: "ఈ ప్రాంతంలో మానవ వినియోగానికి సంబంధించిన ఆనవాళ్లేవీ కనబడలేదు." పక్కన రంగుల ఫొటోలు వేశారు. చెట్లు, రాలిన ఆకులు, ఆకులు పక్కకు తోసి తీసిన ఎర్రమట్టి. చాలా శుభ్రంగా, అందంగా ఉన్నాయి. కళ్లద్దాలు తుడుచుకుని ఆ వాక్యాన్ని మళ్లీ చదివాను. నా భార్య ఆ వాలులోనే ఉంది.

మేము కొండవాళ్లం. అడవిలో గుర్తు వదలడం మాకు సిగ్గుమాలిన పని. పొయ్యి పెట్టుకుంటే లేచేటప్పుడు బూడిద చల్లేసి, రాళ్లు ఎక్కడివక్కడ పెట్టి, పైన ఆకులు కప్పుతాం. దుంప తవ్వితే గుంట పూడ్చి, తీగ మొలిచే పీక ముక్క మళ్లీ నాటి, చేత్తో నేల సర్దుతాం. పోయిన మనుషుల్ని కూడా అలాగే మట్టిలో దాస్తాం. రాయి పెట్టం, పేరు రాయం, చివరికి తిరిగి వచ్చేటప్పుడు కూడా తలా ఒక దారిన దిగుతాం, బాట పడకూడదని. చిన్నప్పుడు నేను ఒక చెట్టుకు కత్తితో గీత పెడితే మా అమ్మ నా చెవి పట్టుకుని, పక్కింటికి భోజనానికి వెళ్లి వాళ్ల గోడమీద పేరు చెక్కి వస్తావా అని అడిగింది. ఇన్ని తరాలు ఇంత పద్ధతిగా బతికినందుకు మాకు దక్కిన యోగ్యతాపత్రం ఆ ఒక్క వాక్యం.

నివేదిక చదవడానికి పట్టణంలోంచి ఎవరూ రాలేదు. మా అమ్మాయి వచ్చింది. డిగ్రీ అయ్యాక ఫోన్లు బాగుచేసే దుకాణంలో పనికి కుదిరింది. సన్నటి తీగలు అతికే పని కాబట్టి దాని చెయ్యి ఎప్పుడూ వణకదు. దుకాణం కట్టేశాక సాయంత్రాలు వచ్చి కూర్చునేది. తర్వాత కొండమీది మా పై ఊరి పిల్లలు కూడా రావడం మొదలుపెట్టారు. నర్సు చదువుతున్న అమ్మాయిలు, రంగులు వేసే కుర్రాళ్లు, వాళ్లందర్నీ జీపులో దింపే మా బావమరిది కొడుకు. వాడు నిద్రలో కూడా మాట్లాడతాడని వాడి నానమ్మే వాడికి రేడియో అని పేరు పెట్టింది. పిల్లలు అధ్యాయాలు పంచుకుని చదివి, ఒకరికొకరు చెప్పుకునేవాళ్లు. మా అమ్మాయి ఎవర్నీ గదమాయించేది కాదు. ఎవరైనా ఆవేశపడితే, "సరే, ఏ పేజీలో ఉందది?" అనేది. దాంతో వాళ్లు చల్లబడి పేజీ వెతికేవాళ్లు. నేను దీపాలు ఆర్పే వేళ దాటినా చూడనట్టే ఉండేవాణ్ణి. కాపలాదారు కూడా తాళం గుత్తి జేబులో వేసుకుని, తన వాచీ ఆగిపోయిందని చెప్పేవాడు.

కంపెనీకి ఈ కూటాల సంగతి చేరినట్టుంది. గ్రంథాలయానికి కొత్త కుర్చీలు బహూకరిస్తామని కబురు పంపారు. అడవిలో మనుషులు కనబడలేదు గాని, ఇక్కడ కూర్చోడానికి మనుషులున్నారని మాత్రం వాళ్లకు కనబడింది. పాత కుర్చీలు గట్టిగానే ఉన్నాయని జవాబిచ్చాను.

విచారణ పురపాలక భవనంలో జరిగింది. వేదికమీద విచారణాధికారి, ఆయన పక్కన బూట్లేసుకున్న కంపెనీ ఇంజనీరు. అధికారి చెడ్డవాడేమీ కాదు. నా భార్య తల్లి, మా అత్తయ్య, చేతికర్రతో మెట్లెక్కి వస్తుంటే తనే లేచి కుర్చీ జరిపించాడు. మాట కూడా మెత్తనే. కానీ ఆ మెత్తటి మాటతో ఆయన అడిగింది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

మా అమ్మాయి లేచి, పైవాలు మాదని, అక్కడ మావాళ్లను పూడ్చిపెట్టామని చెప్పింది. ఎన్ని తరాలుగా అన్నది కూడా చెప్పింది. అధికారి అంతా విన్నాడు. శ్మశానం ఉన్న నేలను గనికి ఇవ్వకూడదన్న నిబంధన ఉందని, ఒక్క సమాధి రుజువైనా పైవాలు మొత్తం పక్కన పెడతానని అన్నాడు.

"ఏదో ఒకటి చూపించమ్మా. రాయో, గట్టో, ఏదో ఒకటి."

"పైకి కనబడవండీ," అంది అమ్మాయి.

ఇంజనీరు నవ్వలేదు గాని, నవ్వు ఆపుకున్నట్టు నీళ్లు తాగాడు. కనబడనివి ఉన్నాయని ఎవరైనా అనవచ్చని, నిజంగా ఉంటే తవ్వితే కనబడాలి కదా అని అన్నాడు. అధికారి కాసేపు కలం మూత తిప్పుతూ ఆలోచించి, అది సబబుగానే ఉందన్నాడు. తాను పైకి వస్తానని, తన సమక్షంలో ఒక్కటి తవ్వితే చాలని తీర్మానించాడు.

సబబుగానే ఉందట. పట్టణంలో శ్మశానం గోడ పక్కనుంచి పెద్ద రోడ్డు వేసినప్పుడు, నీ తల్లి అక్కడ ఉందా, ఏదీ తవ్వి చూపించు అని ఎవరూ ఎవర్నీ అడగలేదు. గోడ ఉంది కాబట్టి రోడ్డు మర్యాదగా వంపు తిరిగింది. పాలరాతి పలక ఉన్నవాళ్లే చచ్చిపోయినట్టు, మిగతావాళ్లు అసలు పుట్టనే లేదన్నట్టు.  ఆ రోజు నా మొహం చూసి, పక్కన కూర్చున్న నర్సు పిల్ల తన సీసాలో మిగిలిన నీళ్లు నాకు ఇచ్చింది. తాగాను.

తర్వాతి సాయంత్రం చదువుగదిలో పిల్లలు గట్టిగా వాదించుకున్నారు. అసలు చిక్కు ఏమిటంటే, మా కొండ మట్టిలో ఎముక ఎక్కువ కాలం నిలవదు. ఆ మట్టిలోని పులుపు కొన్నేళ్లలోనే దాన్ని తినేస్తుంది. ఆ సంగతి కూడా ఆ నివేదికలోనే, మట్టి గురించిన అధ్యాయంలో, పట్టికలు వేసి మరీ రాశారు. అంటే పాతవాళ్లెవరినీ చూపించలేం. ఈమధ్య పోయినవాళ్లంతా ఆసుపత్రిలో పోయారు కాబట్టి పట్టణంలోనే శ్మశానం గోడ లోపల ఉన్నారు.

రేడియో తన ఉపాయం చెప్పాడు. "ఓ లారీడు రాళ్లు తోలించి పాతేద్దాం మావయ్యా. తాతల పేర్లు నేను రాస్తాను. నాకు సగం పేర్లు వచ్చు, మిగతా సగం కల్పిస్తాను."

పిల్లలు నవ్వారు. మా అమ్మాయి నవ్వలేదు. "ఒక్కటి దొంగదని తేలితే అన్నీ దొంగవే అవుతాయి. అప్పుడు నిజంగా ఉన్నవాళ్లు కూడా లేకుండా పోతారు," అంది.

అప్పుడు ఆ నర్సు పిల్ల, ఎవరి మొహమూ చూడకుండా, ఈమధ్య పైకి మోసుకెళ్లింది ఒక్క అత్తనే కదా అంది.

 నేను ఆ మూల కుర్చీలు సర్దుతున్నాను. అత్త అంటే ఎవరో నాకు చెప్పనక్కరలేదు. ఆసుపత్రి వద్దని, పై ఊళ్లో తల్లి దగ్గరే కళ్లు మూసి, పైవాలులోనే ఉంచమని నా చేత మాట తీసుకున్నది నా భార్యే. ఒక కుర్చీ చేతిలోంచి జారబోతే రేడియో వచ్చి పట్టుకున్నాడు. మా అమ్మాయి పుస్తకాలు మూసి, ఇవాళ్టికి చాలు అంది.

ఇంటికి వచ్చాక అది కంచాలు కడిగింది. నా చొక్కా గుండీ ఊడి ఉంటే, నేను అడగకుండానే కుట్టింది. దానికి కుట్టుపని అంటే చిరాకు. అది నన్ను ఏదో అడగలేకపోతోందని అప్పుడే నాకు అర్థమైంది.

"నాకు అభ్యంతరం లేదు," అన్నాను.

"నిన్నెవరూ అడగలేదు నాన్నా."

"అడగలేవు కాబట్టే చెబుతున్నాను."

దారం పంటితో తెంపి, చొక్కా మడతపెట్టి నా ఒళ్లో పెట్టింది. "అమ్మమ్మకు చెప్పాలి," అని మాత్రం అంది.

ఆదివారం రేడియో జీపులో పై ఊరికి వెళ్లాం. మా అత్తయ్య అరుగుమీద కూర్చుని నార తాడు పేనుతోంది. ఒక కొస కాలి బొటనవేలికి చుట్టుకుంది. అమ్మాయి నేలమీద కూర్చుని, అధికారి అన్నది మళ్లీ గుర్తుచేసి, మట్టి సంగతి, అన్నీ చెప్పింది. చెబుతున్నంతసేపూ అత్తయ్య చేతులు ఆగలేదు.

"నా కూతురు చచ్చి కూడా సాక్ష్యం చెప్పాలా? కేసు ఎవరి మీద, దాని మీదేనా?" అంది చివరికి. "ఆ బూట్ల ఆయన్ను వాళ్లమ్మ ఎక్కడుందో ముందు తవ్వి చూపించమను. చూశాకే ఆమె ఉందనుకుంటాను."

 ఆమె నా వైపు తిరిగింది.

"నువ్వేమంటావు అల్లుడూ?"

"ఆమె ఉంటే తవ్వుకోమనేదే అత్తయ్యా. ఎలాగూ నిద్ర లేపారు, టీ ఏదీ అని అడిగేది."

అత్తయ్యకు నవ్వొచ్చింది. నవ్వుతూనే తాడు పేనడం ఆపేసింది.  నేను లోపలికి వెళ్లి ఆమెకు మంచినీళ్లు తెచ్చేసరికి, మనవరాలి గడ్డం పట్టుకుని మాట్లాడుతోంది.

"నలుగురూ నీ మాట వింటున్నారే. మీ అమ్మ మాట కూడా ఇలా ఎవరూ వినలేదు. నేను వద్దంటే మానేస్తావు, కానివ్వమంటే చేస్తావు. రెంటిలో ఏదీ నేననను. మోసేది నువ్వే. నీకు ఏది మోయగలననిపిస్తే అది చెయ్యి."

తిరుగు ప్రయాణంలో జీపులో రేడియో కూడా పెద్దగా మాట్లాడలేదు. ఒక మలుపు దగ్గర మాత్రం, ఇంజను బాగుందని ఎవరూ అడక్కుండానే చెప్పాడు.

అధికారి పైకి వచ్చిన ఉదయం ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. రోడ్డు అయిపోయిన చోట జీపులు ఆపి అందరం నడిచాం. కంపెనీ తరఫున ఇంజనీరు, గడ్డపారలు, పారలు పట్టుకున్న కూలీలు వచ్చారు. కూలీలు మావాళ్లు కారు, కింద ఎక్కడినుంచో తెచ్చారు. పిల్లలందరూ వచ్చారు. అత్తయ్య కూడా వచ్చింది. అధికారి డ్రైవరు ఆమె వెనకే నడుస్తూ, రాళ్లు వచ్చిన చోటల్లా తన మోచెయ్యి అందించాడు. ఎవరూ చెప్పలేదతనికి.

మావాళ్లు అలవాటుగా విడివిడిగా నడుస్తున్నారు. ఎందుకిలా చెదిరిపోతున్నారని అధికారి అడిగాడు. బాట పడకూడదని అమ్మాయి చెప్పింది. ఆయన వెనక్కి తిరిగి, ఇంజనీరు బూట్ల వరసను, అందులోనే అడుగులు వేస్తూ వచ్చిన తన చెప్పుల గుర్తులను ఒకసారి చూసుకున్నాడు.

చీలిన బండ దగ్గరికి వచ్చాం. అక్కడినుంచి ఎడమకు తిరిగి, ఒంగిన చెట్టు దాటి కొంచెం దిగితే నా భార్య ఉన్న చోటు. నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. నా అడుగు దానంతట అదే ఎడమకు పడింది. మా అమ్మాయి తిరగలేదు. నేరుగా పైకి నడిచింది.

దారి తప్పిందేమో అనుకున్నాను. పిలవబోయి అత్తయ్యను చూశాను. ఆమె కర్ర ఊతగా మనవరాలి వెనకే పైకి ఎక్కుతోంది. తల కూడా తిప్పలేదు. రేడియో నన్ను చూశాడు, నేను వాణ్ణి చూశాను. నా భార్యను పైకి మోసినవాళ్లలో వాడూ ఉన్నాడు.  మేం కూడా పైకి ఎక్కాం.

పైన చెట్లు కాస్త ఎడంగా ఉన్న చోట అమ్మాయి ఆగింది. నేల మిగతా నేల లాగే ఉంది, ఆకులతో. ఇంజనీరు ఎక్కివచ్చిన అలసటతో అమ్మాయి ఎదురుగా నిలబడి చెమట తుడుచుకుంటున్నాడు.

"ఇక్కడ మావాళ్లు ఉన్నారు," అంది.

ఇంజనీరు రెండడుగులు వెనక్కి వేశాడు.

తర్వాత తాను అడుగు పెట్టిన చోటును చూసుకుని, ఇంకొంచెం పక్కకు జరిగాడు. అక్కడా నిలవలేక ఒక కాలు కొద్దిగా ఎత్తి, ఎక్కడ దించాలో తెలియనట్టు ఆగాడు. అందరం చూస్తూనే ఉన్నాం. అధికారి కూడా చూశాడు.

"ఎందుకు జరిగారండీ?" అమ్మాయి అడిగింది. గొంతులో వెటకారం లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే ఉంది.

"ఏం లేదు. మీరు ఉన్నారన్నారని."

"నేనంటే నమ్మారా?"

 కూలీల్లో పెద్దవాడు తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు. గడ్డపారను చప్పుడు కాకుండా నేలమీద పెట్టి, తాము తవ్వమని మెల్లగా చెప్పాడు. ఇంజనీరు అతణ్ణి కసిరాడు గాని, అతను వినిపించుకోలేదు. చేతులు కట్టుకుని దూరంగా వెళ్లి నిలబడ్డాడు.

అధికారి ఇబ్బందిగా కదిలాడు. రుజువు చూపిస్తారనే కదమ్మా ఇంతదూరం వచ్చింది అని అమ్మాయితో అన్నాడు.

"ఉన్నారని మేం చెప్పామండీ. లేరని వాళ్లు రాశారు. అచ్చు వేయించారు కూడా." అది వంగి ఒక పార తీసుకుంది. పిడి ఇంజనీరు వైపు తిప్పి పట్టుకుంది. "లేరని వాళ్లే తవ్వి చూపించమనండి. మేం ఎవరం అడ్డురాం. కాకపోతే ఆయనే తవ్వాలి, ఆయన చేత్తోనే."

అత్తయ్య ఆ ఆకులమీద కాళ్లు చాపుకుని కూర్చుంది. అలసిపోయి కూర్చుందో, మరెందుకు కూర్చుందో నేను అడగలేదు. పార అలాగే గాలిలో ఉంది. దాని అంచు సన్నగా వణుకుతోంది. తీగలు అతికేటప్పుడు ఎన్నడూ వణకని చెయ్యి అది. ఇంజనీరు గనక ఆ పార అందుకుని ఉంటే ఏమయ్యేదో ఆ గుంపులో నలుగురికే తెలుసు. అందులో ఒకణ్ణి నేను. నేను నిలబడి, ఏమీ తెలియనివాడిలా చెట్ల వైపు చూశాను.

ఆయన అందుకోలేదు.

అధికారి చాలాసేపు రాశాడు. రాసినది చదివి వినిపించాడు. శ్మశానమని స్థానికులు చెప్పిన చోట తవ్వడానికి కంపెనీ ప్రతినిధి ఇష్టపడలేదని ఉంది అందులో. సంతకం పెట్టమంటే ఇంజనీరు కాగితం మోకాలిమీద పెట్టుకుని, ఒంటికాలిమీద నిలబడినట్టే నిలబడి పెట్టాడు. దిగేటప్పుడు ఆ అధికారి పక్కకు తప్పుకుని, మావాళ్లలాగే వేరే దారిన దిగడం చూశాను. చెప్పుల్లో రాళ్లు గుచ్చుకున్నా అలాగే దిగాడు. అదొక్కటీ ఆయన ఖాతాలో వేశాను.

ఉత్తర్వు వానలకు ముందు వచ్చింది. పైవాలును గని నుంచి మినహాయించారు. పిల్లలు చదువుగదిలో బల్లలు చరిచారు, నేనూ వారించలేదు. తర్వాత మా అమ్మాయి రెండో పేజీ చదివింది. కిందివాలును కంపెనీకి ఇచ్చేశారు. అక్కడ ఎవర్నీ పూడ్చలేదట, కాబట్టి అక్కడ మానవ వినియోగానికి సంబంధించిన ఆనవాళ్లేవీ లేవట. మా వాళ్లు దుంప తవ్వేది, తేనె తీసేది, ఎండాకాలం నీళ్లు మోసుకొచ్చేది కిందివాలు నుంచే. చచ్చినవాళ్లకు పైవాలు వదిలి, బతికున్నవాళ్ల దగ్గర కిందివాలు తీసుకున్నారు. దీన్నే పత్రికలు సమతూకంగల నిర్ణయమని రాశాయి. ఆ పత్రికల్ని కూడా రోజూ నేనే కొక్కేలకు తగిలించాను. గనిలో మొదటి పేలుడుకు గ్రంథాలయం అద్దాలు గలగలమన్నప్పుడు, చదువుకుంటున్న ముసలాయన ఒకాయన ఉరుము అనుకుని గొడుగు వెతుక్కున్నాడు.

ఆ సాయంత్రం అమ్మాయి ఒక్కతే వచ్చింది. నివేదికలో కిందివాలు అధ్యాయం ముందేసుకుని, పెన్సిలుతో గీతలు పెట్టుకుంటోంది. గ్రంథాలయం పుస్తకంలో గీతలు పెట్టకూడదు.  వారించబోయి, ఇన్నాళ్లూ దాచుకున్న మాట అడిగేశాను.

"ఆ రోజు ఎడమకు ఎందుకు తిరగలేదే?"

అది తల ఎత్తలేదు. "అది అమ్మ చోటు కాదని నీకు అక్కడే తెలుసుగా. నువ్వెందుకు ఊరుకున్నావు?"

"నువ్వు అబద్ధం చెప్పవని."

"చెప్పలేదు నాన్నా. అమ్మ ఉందనలేదు, మావాళ్లు ఉన్నారన్నాను." పెన్సిలు పక్కన పెట్టి, నివేదిక చివర అతికించిన పెద్ద పటాన్ని విప్పి బల్లనిండా పరిచింది. కొండ మొత్తం, పైవాలు, కిందివాలు, అన్నీ ఆకుపచ్చగా, ఖాళీగా ఉన్నాయి. "మనవాళ్లు లేని చోటు ఏదో నువ్వు చూపించు."

పటం మీదకు వంగాను. వేలు పెట్టబోయి, ఎక్కడ దించాలో తెలియక, అలాగే పట్టుకుని ఉండిపోయాను.